పెయింటు డబ్బా ఫిరంగి, సుడివలయం: రంధ్రం చిన్నదైతే గాలి దూరం ఎందుకు పోదు?

జవాబంతా మీరు ఇచ్చిన ఒక్క కొలత మీదే ఆధారపడి ఉంది కాబట్టి, ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన రీతిలో తిరిగి చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లల విజ్ఞాన ప్రదర్శన కోసం మీరు 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బా తీసుకున్నారు. దాని 28 సెంటీమీటర్ల మూతి మీద వదులుగా పాలిథీన్ పొర కట్టి, వెనక్కి లాగి వదిలితే తిరిగి లోపలికి గుంజేలా రబ్బరు తాళ్ళు అమర్చారు. అడుగు భాగంలో 3 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రటి రంధ్రం చేశారు. పొరను 15 సెంటీమీటర్లు లాగి వదిలితే రెండు మీటర్ల అవతల ఉన్న దీపం రెపరెపలాడుతున్నది తప్ప ఆరడం లేదు. కొన్న బొమ్మ ఫిరంగి మాత్రం, దాని నోరు మీ రంధ్రం కంటే ఎంతో పెద్దదైనా, ఐదు మీటర్ల అవతల కాగితపు గ్లాసులను పడగొడుతున్నది. రంధ్రం చిన్నదైతే గాలి వేగం పెరగాలి, వేగం పెరిగితే దూరం పోవాలి కదా అన్నది మీ సందేహం. డబ్బా నుంచి వచ్చేది గాలితో చేసిన ఫిరంగి గుండు లాంటిదా, లేక గాలిలో పుట్టే అల లాంటిదా అన్నది మీ విద్యార్థిని ప్రశ్న. రెండూ మంచి ప్రశ్నలే, రెండింటికీ ఒకే చోట జవాబు దొరుకుతుంది.

రంధ్రం చిన్నదైతే వేగం పెరుగుతుందన్న మీ ఊహలో తప్పు లేదు. అయితే ఈ బొమ్మలో దూరం పోయేది వేగంగా దూకిన గాలి ధార కాదు. ధారగా వచ్చిన గాలి చుట్టూ ఉన్న నిశ్చలమైన గాలిని తనతో లాక్కుంటూ, తన ద్రవ్యవేగాన్ని దానితో పంచుకుంటూ, సుమారు 24 డిగ్రీల కోణంలో విప్పారుతూ నీరసించిపోతుంది. గుండ్రటి రంధ్రం నుంచి నిలకడగా వచ్చే సంక్షుభిత (చిందరవందరగా సుళ్ళు తిరిగే) ధారలో నడిమి వేగం దూరానికి విలోమంగా తగ్గుతుంది. రంధ్రపు వ్యాసానికి ఆరు రెట్ల దూరం వరకు దాదాపు తొలి వేగమే ఉండి, అక్కడి నుంచి దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ వేగం సగమవుతుంది. మీ 3 సెంటీమీటర్ల రంధ్రానికి రెండు మీటర్లంటే దాదాపు 67 వ్యాసాల దూరం. అక్కడ మిగిలేది తొలి వేగంలో పదకొండో వంతు. అందుకే దీపం రెపరెపలాడి ఊరుకుంటున్నది.

దూరం పోయేది సుడివలయం, అంటే ఉంగరం ఆకారంలో చుట్టుకొని తిరిగే గాలి. అది ఎలా పుడుతుందో చూడాలంటే రంధ్రపు అంచు దగ్గర నిలబడి చూడాలి. పొర లోపలికి దూకినప్పుడు గాలి రంధ్రం గుండా బయటికి వస్తుంది. అంచును ఒరుసుకుంటూ వచ్చే గాలి, అంచు దాటగానే మూల తిరిగి డబ్బా గోడను అంటిపెట్టుకొని వెళ్ళలేదు, కాబట్టి అక్కడ విడిపోయి ఎదురుగా దూకుతుంది. అప్పుడు లోపలి వైపు వేగంగా వెళ్ళే గాలి, బయటి వైపు కదలని గాలి, రెండింటి నడుమ పలచని పొర ఒకటి ఏర్పడుతుంది. ఇలాంటి పొర తిన్నగా నిలవదు, చాప చుట్టుకున్నట్లు బయటి వైపుకు చుట్టుకుపోతుంది. గుండ్రటి అంచు పొడవునా ఒకేసారి చుట్టుకోవడంతో, ఆ చుట్ట రెండు కొసలూ కలిసిపోయి గారె ఆకారం వస్తుంది. కొవ్వొత్తిని ఊది ఆర్పగలం గాని అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పలేకపోవడానికి కారణం కూడా ఈ విడిపోవడమే. ఊదినప్పుడు గాలి ఒకే దిక్కుగా దూకుతుంది, పీల్చినప్పుడు అన్ని వైపుల నుంచీ కొద్దికొద్దిగా వస్తుంది. పొర వెనక్కి ఊగినప్పుడు డబ్బా పీల్చే గాలి వలయాన్ని పెద్దగా వెనక్కి లాగలేకపోవడం కూడా ఇందువల్లే.

వలయం ఏ దిశలో తిరుగుతుందన్నది పిల్లలకు స్పష్టంగా చెప్పవలసిన సంగతి. అది బొంగరంలా తన అక్షం చుట్టూ తిరగదు. గారె నడిమి కంత గుండా గాలి ముందుకు పోతుంది, గారె బయటి అంచు చుట్టూ వెనక్కి వస్తుంది. కర్ర మీద రబ్బరు ఉంగరాన్ని దొర్లించి చూపి ఇదే సుడివలయం అనడం విన్నాను, కాని అది తలకిందులు. కర్ర మీద ముందుకు దొర్లే ఉంగరంలో లోపలి భాగం కర్రను పట్టుకొని ఆగి ఉంటుంది, బయటి భాగం ముందుకు పోతుంది. సుడివలయంలో జరిగేది దీనికి వ్యతిరేకం. సరైన పోలిక కావాలంటే, గొట్టం లోపలి గోడను ఆనుకొని దొర్లుకుంటూ వెళ్ళే రబ్బరు ఉంగరాన్ని తీసుకోవాలి. బయటి అంచు గోడ మీద జారకుండా దొర్లుతుంది, నడిమి భాగం వేగంగా ముందుకు పోతుంది. ఇక్కడ గొట్టం గోడ స్థానంలో ఉన్నది చుట్టూ ఉన్న నిశ్చలమైన గాలి. చక్రం నేల మీద దొర్లినప్పుడు ఒరిపిడి తక్కువగా ఉన్నట్లే, వలయం కూడా చుట్టూ ఉన్న గాలిని రాపాడకుండా దొర్లుతుంది కనుక అంత దూరం నిలుస్తుంది.

అది ముందుకు కదలడానికి వెనక నుంచి ఎవరూ నెట్టనక్కర లేదు. వలయంలోని ప్రతి ముక్క చుట్టూ గాలి తిరుగుతున్నది కాబట్టి, ఎదురెదురు ముక్కలు ఒకదాన్నొకటి ముందుకు తోసుకుంటాయి. కుడి పక్క సుడి ఎడమ పక్క సుడిని ముందుకు మోస్తుంది, ఎడమది కుడిదాన్ని మోస్తుంది. ఈ వేగానికి విలియమ్ థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, 1867లో ఒక సూత్రం ఇచ్చారు. మాటల్లో చెప్పాలంటే, వేగం సుడిబలానికి (గాలి ఎంత బలంగా సుడి తిరుగుతున్నదో చెప్పే కొలతకు) అనులోమంగానూ, వలయం వ్యాసార్థానికి దాదాపు విలోమంగానూ ఉంటుంది. సుడి గర్భం, అంటే సుడి తిరిగే నడిమి భాగం, ఎంత లావుగా ఉందన్న దాన్ని బట్టి కూడా కొంత మారుతుంది గాని, ఆ ప్రభావం లాగరిథమ్ రూపంలో మాత్రమే, అంటే చాలా కొద్దిగా, ఉంటుంది. ఒకే సుడిబలంతో చిన్న వలయం వేగంగా, పెద్ద వలయం నెమ్మదిగా నడుస్తాయన్న మాట.

ఆ 1867 నాటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుచేతనంటే మీ డబ్బాకు అసలైన పూర్వీకుడు అక్కడే ఉన్నాడు. సుడుల గణితాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1858లో ప్రచురించారు. స్నిగ్ధత, అంటే జిగట, లేని ద్రవంలో సుడితాడు (సుడి తిరిగే తాడు లాంటి నడిమి భాగం) మధ్యలో తెగదని, దాని కొసలు గోడకో ఉపరితలానికో ఆనాలని, లేదా తనలో తాను కలిసిపోయి మూతపడాలని ఆయన నిరూపించారు. గోదావరిలో సుడిగుండం నీటి పైముఖాన మొదలై కిందికి దిగడం కొస ఉపరితలానికి ఆనిన సుడికి ఉదాహరణ, మన వలయం కొసలు కలిసిపోయిన సుడికి ఉదాహరణ. ఆయన పరిశోధన పత్రాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన స్కాట్లాండ్ భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టెయిట్, ఎడిన్‌బరోలో ఒక చెక్కపెట్టెకు ముందువైపు గుండ్రటి రంధ్రం చేసి, వెనక గోడ స్థానంలో గుడ్డను గట్టిగా బిగించి, దాన్ని చేత్తో చరిచి పొగ వలయాలను గది అంతా నడిపించి థామ్సన్‌కు చూపించారు. రెండు వలయాలు తగిలి రబ్బరు ఉంగరాల్లా అదిరి విడిపోవడం చూసిన థామ్సన్, పరమాణువులు కూడా, విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో నమ్మిన ఈథర్‌లో సుడివలయాలేమోనని ఊహించారు. ఆ ఊహ నిలవలేదు. కాని సుడితాళ్ళు ఎన్ని రకాలుగా ముడిపడగలవో టెయిట్ పట్టిక వేయడంతో ముడుల గణితశాస్త్రానికి పునాది పడింది.

ఇప్పుడు మీ రంధ్రం లెక్కకు వస్తాను. రంధ్రం గుండా బయటికి వచ్చిన గాలినంతటినీ రంధ్రమంత వ్యాసం గల స్తంభంగా ఊహించుకోండి. ఆ స్తంభం పొడవును రంధ్రపు వ్యాసంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. మొర్తెజా గరీబ్, ఎడ్మండ్ రాంబోడ్, కరీమ్ షరీఫ్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, పిస్టన్‌తో నీటిని గొట్టం గుండా నెట్టి, ఈ నిష్పత్తిని మారుస్తూ వలయాలను కొలిచారు. నిష్పత్తి సుమారు 4 వరకు, వారి కొలతల్లో 3.6 నుంచి 4.5 మధ్య, బయటికి వచ్చిందంతా వలయంలోకే చుట్టుకుంటుంది. ఆ హద్దు దాటాక వలయం ఇక తీసుకోదు. అది తెంచుకొని ముందుకు వెళ్ళిపోతుంది, మిగిలిన ద్రవం దాని వెనక మామూలు ధారగా ఈడ్చుకుంటూ వస్తుంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చే ఫలితం ఇదే. ఎంత నెట్టినా వలయం తనకు పట్టినంతే తీసుకుంటుంది.

స్తంభం పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు అన్న షరతును ఘనపరిమాణంలోకి మారిస్తే ఎంతో సులువైన సూత్రం వస్తుంది. నెట్టవలసిన గాలి ఘనపరిమాణం, రంధ్రపు వ్యాసం ఘనానికి 3.14 రెట్లు ఉండాలి. మీ పొర 28 సెంటీమీటర్ల మూతి మీద 15 సెంటీమీటర్ల ఎత్తు గల శంఖువుగా లాగబడుతున్నది కాబట్టి, అది నెట్టే గాలి శంఖువు ఘనపరిమాణమంత, అంటే సుమారు 3.1 లీటర్లు. ఇక 3 సెంటీమీటర్ల రంధ్రం వలయానికి తీసుకోగలిగింది 3 ఘనం 27, దాన్ని 3.14తో గుణిస్తే 85 మిల్లీలీటర్లు. మీరు 3.1 లీటర్లు నెడుతున్నారు, అందులో 85 మిల్లీలీటర్లు మాత్రమే చిన్న వలయంగా మారి వెళ్ళిపోతున్నది, తక్కినదంతా వెనక ధారగా వృథా అవుతున్నది. ఇదే 3.1 లీటర్లకు సరిపోయే రంధ్రం ఎంతని లెక్కిస్తే, 10 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది. కొన్న బొమ్మకు అంత పెద్ద నోరు ఉండటంలోని రహస్యం ఇదే.

అలాగని ఇంకా పెద్దది చేస్తే ఇంకా మంచిదని అనుకోకండి. స్తంభం పొడవుకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, రంధ్రం పెరిగితే అది వేగంగా పడిపోతుంది. 12 సెంటీమీటర్లకు 2.3 అవుతుంది, 20 సెంటీమీటర్లకు 0.5కు దిగిపోతుంది. సుడిబలం స్థూలంగా గాలి వేగాన్ని స్తంభం పొడవుతో గుణించి సగం చేస్తే వస్తుంది. 20 సెంటీమీటర్ల రంధ్రంలో వేగమూ తగ్గుతుంది, పొడవూ తగ్గుతుంది, కాబట్టి సుడిబలం 10 సెంటీమీటర్ల రంధ్రంతో పోలిస్తే పదహారో వంతే మిగులుతుంది. 9 నుంచి 11 సెంటీమీటర్ల మధ్య ఎక్కడ చేసినా మీకు మంచి ఫలితమే వస్తుంది. పలచని గోడలో చేసిన రంధ్రం గుండా వచ్చే ధార కాస్త కుంచించుకుంటుంది కనుక, ఈ అంకెను మిల్లీమీటరు దాకా పట్టించుకోనక్కర లేదు.

10 సెంటీమీటర్ల రంధ్రంతో ఏమి ఆశించవచ్చో కూడా లెక్క వేసి చూద్దాం. పొర సెకనులో ఇరవయ్యో వంతులో తిరిగి వచ్చిందనుకుంటే, 40 సెంటీమీటర్ల గాలి స్తంభం సెకనుకు 8 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. దాని ద్రవ్యవేగం వలయం ద్రవ్యవేగానికి సమానం కావాలన్న నియమం పెడితే, వలయం వ్యాసార్థం 7 సెంటీమీటర్లు వస్తుంది, అంటే రంధ్రం కంటే కొంచెం పెద్ద వలయం. కెల్విన్ సూత్రం ప్రకారం అది మొదట సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో నడుస్తుంది. వలయం నడిబొడ్డున గాలి వేగం అంతకు రెట్టింపుకు పైగా, సెకనుకు సుమారు 11 మీటర్లు ఉంటుంది. దీపాన్ని ఆర్పేది ఆ నడిమి గాలే. దారిలో చుట్టుపక్కల గాలిని కలుపుకుంటూ వలయం లావెక్కుతుంది, లావెక్కిన కొద్దీ నెమ్మదిస్తుంది, అయినా ఐదు మీటర్ల దూరంలో గ్లాసును పడగొట్టేటంత మిగులుతుంది.

గట్టిగా లాగితే మేలా అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. 15 సెంటీమీటర్లకు బదులు 25 సెంటీమీటర్లు లాగితే అదనంగా నెట్టిన గాలి వలయంలోకి పోదు, వెనక ధారలోకి పోతుంది. లాగే దూరాన్ని అలాగే ఉంచి రబ్బరు తాళ్ళను బిగువు చేయండి, అప్పుడు అదే గాలి తక్కువ సమయంలో బయటికి వచ్చి సుడిబలం పెరుగుతుంది. అయితే పొగ వలయాన్ని అందంగా చూపించాలన్న కోరికా, గ్లాసులను పడగొట్టాలన్న కోరికా ఒకే దెబ్బతో తీరవు. పైన చెప్పిన దెబ్బకు సుడిబలాన్ని గాలి స్నిగ్ధతతో భాగిస్తే లక్షకు పైగా వస్తుంది. ప్రవాహం నునుపుగా సాగుతుందా, చెదురుతుందా అని చెప్పే ఈ అంకెను రేనాల్డ్స్ సంఖ్య అంటారు, అది అంత ఉన్నప్పుడు వలయం సంక్షుభితంగా ఉంటుంది, పొగ వెంటనే చెదిరిపోతుంది. పొగ కోసమైతే పొరను లాగవద్దు, వేళ్ళతో మెత్తగా తట్టండి.

మీ విద్యార్థిని అడిగిన దానికి, అది గుండూ కాదు, అల కూడా కాదు అని చెప్పండి. అల అయితే గాలి తన చోటనే అటూ ఇటూ కదిలి కదలికను మాత్రమే ముందుకు పంపుతుంది. మీరు పొరను వదలగానే వినిపించే ‘టప్’ అన్న చప్పుడు అలాంటి అల, సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో ఐదు మీటర్ల దూరాన్ని రెప్పపాటులో దాటుతుంది. వలయం అక్కడికి చేరడానికి సెకనుకు పైన పడుతుంది, పైగా అది డబ్బాలోని గాలిని నిజంగా మోసుకుపోతుంది. డబ్బాను సాంబ్రాణి పొగతో నింపి, ఐదు మీటర్ల అవతల ఒక పిల్లను కళ్ళు మూసుకొని నిలబడమనండి. ముందు చప్పుడు, తర్వాత ముఖానికి గాలి, ఆ గాలితోనే సాంబ్రాణి వాసన, ఈ వరుసలో చెబుతుంది. గాలి గుండు అనడానికి వీలు లేకపోవడం ఎందుకంటే, అది దారిలో బయటి గాలిని కలుపుకుంటుంది, కొంత పొగను తోకగా వదిలిపెడుతుంది, చివరికి చేరేది బయలుదేరినదే కాదు.

పొగ గురించి రెండు మాటలు. నిప్పులను డబ్బాలో పెట్టవద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. బయట సాంబ్రాణి వేసి, రంధ్రం వైపు నుంచి పొగ పట్టి, నిప్పును దూరంగా జరిపిన తర్వాతే పిల్లలను దగ్గరికి పిలవండి. అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి తెల్లటి పొగ చేసే పాత పద్ధతి పుస్తకాల్లో కనిపిస్తుంది, బడిలో దానికి చోటు లేదు. ఇక పొగ ఎక్కడ కనిపిస్తే సుడి అక్కడే ఉందని కూడా అనుకోవద్దు. పొగ రేణువుల కంటే సుడి తొందరగా వ్యాపించిపోతుంది, కాబట్టి బలమంతా పోయిన వలయం కూడా కంటికి చక్కగా కనిపిస్తూ గాలిలో వేలాడవచ్చు.

వలయం ఎలా చనిపోతుందన్నది కూడా చూడదగినదే. మెత్తగా తట్టిన వలయాన్ని జాగ్రత్తగా గమనిస్తే, కొంత దూరం పోయాక దాని చుట్టూ అలల్లాంటి వంపులు పుడతాయి, గారె కాస్తా పువ్వులా మారుతుంది, తర్వాత ఒక్కసారిగా చెదిరిపోతుంది. ఈ వంపుల గణితాన్ని 1970లలో షీలా విడ్నాల్, ఆమె సహచరులు తేల్చారు కాబట్టి ఆ అస్థిరతకు ఆమె పేరే ఉంది. గోడకు నేరుగా కొట్టిన వలయం వెనక్కి ఎగరదు, గోడ దగ్గరపడిన కొద్దీ వెడల్పై నెమ్మదిస్తుంది. రెండు వలయాలను ఎదురెదురుగా కొట్టినా ఇలాగే రెండూ విప్పారతాయి. టి.టి. లిమ్, టి.బి. నికెల్స్ 1992లో నీటిలో ఎర్రరంగు, నీలిరంగు వలయాలను ఇలా ఢీకొట్టించి, అవి విప్పారి, తెగి, అంచు పొడవునా చిన్న చిన్న వలయాలుగా మళ్ళీ కలవడాన్ని ఫోటోలు తీశారు. ఒక్కో చిన్న వలయంలో సగం ఎరుపు, సగం నీలం.

ఫిరంగిని పెద్దది చేస్తే ఎంత దూరమైనా పోతుందా అని పిల్లలు తప్పక అడుగుతారు. వలయం పోయే దూరం దాని వ్యాసాన్ని అనుసరిస్తుంది కాబట్టి పెద్దది ఎక్కువ దూరమే పోతుంది. ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం గుండ్రటి బిలాల నుంచి ఆవిరి వలయాలను ఆకాశంలోకి వదులుతుంది, 2024 ఏప్రిల్‌లో కొత్తగా తెరుచుకున్న ఒక బిలం అలాంటివి ఎన్నో వదిలింది. కాని ఈ ఆలోచనతో నష్టపోయిన వారూ ఉన్నారు. 1896లో అప్పటి ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతపు ద్రాక్షతోటల యజమాని ఆల్బర్ట్ స్టిగర్, వడగళ్ళు పడకుండా ఆపాలని, మందుగుండు, గరాటు మూతి కలిపి వడగళ్ళ ఫిరంగి తయారుచేశారు. దాని నుంచి ఈల వేస్తూ వలయాలు పైకి లేచేవి, ఆస్ట్రియా, ఇటలీ రైతులు వేల సంఖ్యలో వాటిని పెట్టించుకున్నారు. అయితే ఆ వలయాలు కొన్ని వందల మీటర్లకు మించి పోలేదు, వడగళ్ళు తయారయ్యేది కిలోమీటర్ల ఎత్తున. ప్రభుత్వాలు జరిపించిన పరీక్షల్లో వాటివల్ల ప్రయోజనం కనిపించక 1905 నాటికి వదిలేశారు.

ఇక పనిలోకి దిగేటప్పుడు, 10 సెంటీమీటర్ల వృత్తాన్ని కోసిన తర్వాత అంచును గరుకు కాగితంతో నునుపు చేయండి. కాల్చిన కత్తితో కోసిన అంచు మీద గడ్డకట్టిన ప్లాస్టిక్ మిగిలితే వలయం ఒక పక్కకు వాలి దారి తప్పుతుంది. వదిలేటప్పుడు డబ్బా వెనక్కి అదిరితే కూడా అంతే, బల్లకు ఆనించి పట్టుకోండి. పొర అంచున గాలి కారే సందులు లేకుండా చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా సీలింగ్ ఫ్యాన్లు ఆపించండి. ఎంత చక్కటి డబ్బా చేసినా, తిరిగే ఫ్యాన్ కింద వలయం రెండు మీటర్లు దాటకపోవడం నేను చాలాసార్లు చూశాను, మొదటిసారి తప్పు డబ్బాలో ఉందనుకొని రోజంతా వెతికాను.

అంతా సరిగ్గా కుదిరాక పొగ లేకుండానే చేయగలిగే ఒక పరీక్ష చెబుతాను. మూడు మీటర్ల దూరంలో రెండు కొవ్వొత్తులు పెట్టండి, ఒకటి సరిగ్గా గురి మీద, రెండోది దానికి పక్కగా 15 సెంటీమీటర్ల దూరంలో. వలయం దాటే క్షణాన్ని ఫోనులో స్లో మోషన్‌లో తీయండి. గురి మీద ఉన్న మంట ముందుకు వంగి ఆరిపోతుంది. పక్కనున్న మంట వలయం తన సరసన వెళ్ళే క్షణంలో ఫిరంగి వైపుకు, అంటే వెనక్కి వంగుతుంది. వంగకపోతే కొవ్వొత్తిని ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ జరిపి మళ్ళీ చూడండి, వలయం అక్కడికి చేరేసరికి ఎంత లావైందో ఆ దూరమే మీకు చెబుతుంది.